మా ఆడబిడ్డ పసరు

మా ఆయనకు పక్షవాతం వచ్చిందని మొదట తెలిసింది నాకు కాదు, మా ఆడబిడ్డకు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆయన బస్సు కండక్టరు. చిత్తూరు, తిరుపతి మధ్య తిరిగే బస్సు. ఆ రోజు సెలవు. నేను మెయిన్ రోడ్డు మీద నా అంగట్లో కూర్చుని జాకెట్లు కుడుతున్నాను. ఇంట్లో ఉన్న మనిషికి కుడిచెయ్యి తిమ్మిరెక్కింది, మాట తడబడింది. పిలిస్తే పలికే దూరంలో పెళ్లాం ఉంది. నా అంగడి దాటుకుని, వెనక వీధిలో ఉన్న అక్క ఇంటికి పోయాడు. నా మిషన్ చప్పుడు వింటూనే పోయి ఉంటాడు.

ఆమె ఏం చేసింది? డాక్టరును పిలవలేదు, నన్నూ పిలవలేదు. మిరపకాయలు, ఉప్పు తిప్పి దిష్టి తీసింది. చాప పరిచి పడుకోబెట్టింది. వాళ్ల పక్కింటామె నా అంగడికి పరిగెత్తుకొచ్చి, "అక్కా, మీ ఆయన మూతి వంకర పోతా ఉండాది, రా" అనకపోయి ఉంటే నేను సాయంత్రం దాకా జాకెట్లకు చేతులు కుడుతూనే ఉండేదాన్ని.

పోయి చూసేసరికి మూతి ఎడమ పక్కకు లాగేసి ఉంది. కుడిచెయ్యి పక్కన పడేసిన వస్తువులాగా ఉంది. నన్ను చూసి ఏదో అనబోయాడు, గుటకల శబ్దం తప్ప ఏమీ రాలేదు. బస్టాండు అవతలి కొసకు వినిపించేట్టు "రైట్, రైట్" అని అరిచే గొంతు అది.

వీధి చివర డాక్టరమ్మను బతిమాలి తీసుకొచ్చాను. ఆమె కళ్లలోకి లైటు వేసి చూసి, "మెదడు నరంలో రక్తం గడ్డ కట్టినట్టుంది. గడ్డను కరిగించే సూది ఉంది, కానీ తొందరగా వేయాలి. ఆలస్యమైతే అది కూడా పనికిరాదు. తిరుపతికి తీసుకుపోండి, ఇప్పుడే" అంది.

"సూదా?" అంది మా వదిన. "సూది పడితే ఇంక పసరు పని చెయ్యదు. మా అత్తకు పీలేరు దారిలో నాటు వైద్యుడి దగ్గర పసరు పోయించి నడిపించినాము. నీకు తెలీదు, నువ్వు ఊరకుండు మే."

ఆమె అత్త నడిచిందో లేదో నాకు తెలుసు. గోడ పట్టుకుని బాత్రూము దాకా పోయేది, దాన్ని నడక అంటారు ఈ ఇంట్లో.

ఆమె మొగుడు, నేను అన్నా అని పిలిచే మనిషి, కారు తీశాడు. మంచివాడే, కానీ పెళ్లయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఆయన మాట ఎవరూ విన్న పాపాన పోలేదు. నేను వెనక సీట్లో ఎక్కబోతుంటే మా వదిన నన్ను మోచేత్తో పక్కకు నెట్టింది. "మా అబ్బోడి తల నా ఒళ్లో పెట్టుకుంటా. నువ్వు ముందర కూసో." కొట్లాడుతూ నిలబడితే టైము పోతుందని ముందు కూర్చున్నాను.

పూతలపట్టు దగ్గర దారి చీలుతుంది. ఒకటి తిరుపతికి, ఒకటి పీలేరుకు. అన్న బండి నెమ్మది చేశాడు. వెనక నుంచి ఆమె, "నేరుగా పోనీ" అంది. పీలేరు దారి అది. ఆయన నా వైపు చూశాడు, అద్దంలో పెళ్లాం వైపు చూశాడు.

"అన్నా, తిరుపతికి తిప్పు," అన్నాను.

"నేరుగా పోనీ అంటా ఉంటే!"

కారు తలుపు తీసేశాను. బండి కదులుతూనే ఉంది, కింద తారు కనిపిస్తోంది. "తిప్పకపోతే ఈడనే దూకుతా. తమ్ముణ్ణి, మరదల్ని ఇద్దర్నీ పాడె ఎక్కించు వదినా," అన్నాను. ఊరికే అనలేదు. దూకేసేదాన్నే. అన్న తిప్పేశాడు.

గెలిచాననుకున్నాను. చంద్రగిరి దాటుతుండగా వెనక పొలమారిన దగ్గు వినిపించింది. తిరిగి చూస్తే ఆయన గడ్డం మీద పచ్చగా కారుతోంది. ఆమె చేతిలో చిన్న సీసా. తన అత్తకు తెచ్చిన పసరు మిగిలితే దాచిపెట్టుకుని, సంచిలో వేసుకుని వచ్చింది. మింగలేని మనిషి గొంతులో పోసింది. సీటు మీదికి వంగి ఆ సీసా లాక్కున్నాను. ఆమె నా జుట్టు పట్టుకుంది. మా ఇద్దరి మధ్య ఆయన దగ్గుతూనే ఉన్నాడు. ఇంతకన్నా సిగ్గుమాలిన ప్రయాణం నా జన్మలో చేయలేదు.

ఆసుపత్రిలో స్కానింగు చేశారు. కుర్ర డాక్టరు బయటికి వచ్చి, "నోట్లో ఏమైనా పోశారా?" అని అడిగాడు.

"పచ్చి గంగ కూడా ముట్టించలేదు సార్," అంది మా వదిన, దేవుడి మీద ఒట్టు పెట్టే గొంతుతో.

"పసరు పోసింది," అని సీసా ఆయన చేతిలో పెట్టాను.

డాక్టరు ఆమె వైపు చూసిన చూపు నాకు చాలా తృప్తినిచ్చింది. దాచుకోవడం దేనికి? మొగుడు లోపల చావుబతుకుల్లో ఉన్నా, ఆ చూపు నాకు చల్లగా తగిలింది.

డాక్టరు నాతో మాత్రమే మాట్లాడాడు. ఇంకా టైము ఉందన్నాడు. సూది వేస్తే గడ్డ కరగవచ్చు, మాట రావచ్చు. కొందరికి లోపల రక్తం కారి ప్రాణం మీదికి వస్తుంది. "మీరు సరే అంటేనే వేస్తాము," అన్నాడు.

"పసరు మీద సూది పడితే ఇషమైతాది! మా అబ్బోడికి ఏమన్నా అయితే నిన్ను గడప తొక్కనియ్యను!" అని ఆమె వరండా అంతా వినపడేట్టు అరిచింది. రోగుల తాలూకు వాళ్లంతా నా వైపే చూస్తున్నారు, మొగుణ్ణి చంపబోతున్న దాన్ని చూసినట్టు. అయినా "వెయ్యండి సార్" అన్నాను.

సూది పని చేసింది. రెండో రోజుకు వేళ్లు కదిలాయి. కానీ గొంతులో పోసిన పసరు ఊపిరితిత్తుల్లోకి దిగి, జ్వరం పట్టుకుంది. గడ్డ నుంచి బయటపడిన మనిషి పసరు వల్ల ఇంకా చాలా రోజులు ముక్కులో గొట్టంతో పడున్నాడు. నేను లోపల ఆయనకు ఒళ్లు తుడుస్తుంటే, ఆమె బయట కుర్చీలో కూర్చుని చూడవచ్చిన చుట్టాలకు చెప్పేది: "నేను దోవలో పసరు పోసినా కాబట్టి పానం నిలిచినాది. ఈళ్ల సూదితోనే జ్వరం."

ఇంటికొచ్చాక మాట మెల్లగా తిరిగొచ్చింది. నీళ్లు, అన్నం, అక్క. అవును, నా పేరు కన్నా ముందు అక్క. ఆసుపత్రిలో మాటలు నేర్పించే అమ్మాయి, రోజూ వాడే మాటలు చెప్పించమంది. మిషన్ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి "రైట్, రైట్" అనమనేదాన్ని. నోరు తెరిచేవాడు, గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. ఎన్ని జాకెట్లు పక్కన పెట్టి ఆ నోటి ముందు కూర్చున్నానో నాకే తెలుసు.

ఈలోపు మా వదిన వైద్యురాలైపోయింది. పీలేరు దారికి మనిషిని పంపి సీసాలు తెప్పించి పెట్టుకుంది. ఎవరికి మూతి వంకర పోయినా ఆమె ఇంటికి తెచ్చేవాళ్లు. వాళ్లకు చూపించడానికి మా ఆయన్ను పిలిపించేది. "సూడండి, మా అబ్బోడు. మంచంలో ఉన్నోడు నడిసి వచ్చినాడు." ఈయన పోయి చెయ్యి ఎత్తి చూపించి వచ్చేవాడు. "ఎందుకు పోతావు?" అని అరిస్తే, "అక్క... బాధపడతాది," అనేవాడు. నా బాధ ఆయనకు పట్టేది కాదు.

ఒక మధ్యాహ్నం మళ్లీ పిలుపు వచ్చింది. ఈసారి నేనూ వెంట పోయాను.

వదిన గడప ముందు బాడుగ కారు ఆగి ఉంది, డ్రైవరు లోపలే ఉన్నాడు. వెనక సీట్లో నా వయసు ఆడమనిషి, మూతి లాగేసి, చొంగ కారుతోంది. మా వదిన సీసా మూత తీస్తోంది. ఆ మనిషి మొగుడు మా ఆయన దగ్గరికి పరిగెత్తుకొచ్చి చేతులు పట్టుకున్నాడు. "అన్నా, నిజం చెప్పన్నా. నీకు పసరుతోనే నయమైందా?"

ఆయన అక్క ముఖం చూశాడు. నేను కొట్లాడి తెప్పించిన నోరు, ఆ నిమిషంలో మూసుకుని నిలబడింది. పసరు పోసిన మనిషి కన్నా ఆయన మీదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

మా వదినను తోసుకుని కారెక్కి, ఆ మనిషి తల నా ఒళ్లో పెట్టుకున్నాను. "ఎక్కప్పా. తిరుపతికి పోవాల. ఈయన్ని బతికించింది సూది, పసరు కాదు. పసరు తెచ్చింది జ్వరం." అతను డ్రైవరు పక్కన కూలబడ్డాడు. మా వదిన కారు తలుపు రెండు చేతులా పట్టుకుంది. "దిగు మే! నా ఇంటికొచ్చినోళ్లను యాడికి ఎత్తకపోతావు?" డ్రైవరు కదలాలో వద్దో తెలియక వెనక్కి చూస్తున్నాడు.

అప్పుడు మా ఆయన వచ్చి, కుడిచేత్తోనే, ఇంకా సరిగ్గా ముడుచుకోని ఆ వేళ్లతోనే, అక్క చేతులను తలుపు మీద నుంచి ఒక్కొక్కటిగా విడదీశాడు. తలుపు వేశాడు. కారు పైన రెండు దెబ్బలు చరిచాడు.

"రైట్, రైట్!"

వీధి అవతలికి వినిపించింది. డ్రైవరు గేరు మార్చాడు.

నేను తిరిగి చూడలేదు. ఇన్ని నెలల కోపం రెండు మాటలకు పోదు. నా కొంగుతో ఆ మనిషి మూతి తుడిచి, నీళ్లు కూడా పోయొద్దని ఆమె మొగుడికి చెప్పాను.