చప్పుడు మానిన బండి

నకిరేకల్‌లో మా ట్రక్కు ఆగేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. పోలీస్ యాక్షన్ ముగిసి నెల దాటింది. వానలు వెనకబట్టాయి. ధాన్యం గోదామే మా క్యాంపు. నిజాం పని అయిపోయింది, ఇక శాంతే అని గుంటూరులో మా వాళ్ళంతా మిఠాయిలు పంచుకున్నారట. ఇక్కడ గుట్టల మీది కమ్యూనిస్టు దళాల తుపాకులు ఇంకా దిగలేదు. వాటిని దించడానికే మమ్మల్ని పంపారు.

ఆర్డర్లు మోసే డిస్పాచ్ రైడర్ని నేను. నాకిచ్చింది ఒంటి సిలిండర్ మోటార్ సైకిల్, పెద్ద యుద్ధంలో అరిగిపోయిన సరుకు. నడుస్తూ నడుస్తూ సైలెన్సర్‌లో ఢామ్మని పేలేది. మొదటిసారి కేతేపల్లిలోంచి వెళ్తే వీధంతా తలుపులు వేసుకుంది. ఒకామె పిల్లను కొంగు కింద దాచుకుని గోడకు అతుక్కుపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. పోనుపోను ఊళ్ళకు అలవాటైంది. "పటాకల బండొచ్చె" అనేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం గొర్రెలకాపరి ఒకాయన చేతులు పైకెత్తి గేటు దగ్గరికొచ్చాడు. ముసలాయన. భుజాన గొంగడి. కెప్టెన్‌కు తెలుగు రాదు, నేనే మధ్యన నిలబడ్డాను.

"నా కొడుకు గుట్ట మీదున్నడు సారు. తుపాకి ఇడిసి దిగొస్తనంటుండు. కింద మీవోళ్ళు కావలున్నరు. కాల్చొద్దని ఒక్క మాట చెప్పుండ్రి. గంతే."

కెప్టెన్ ఆర్డర్ ఇచ్చాడు. పొద్దుగూకేదాకా కాల్చకూడదు. తుపాకీ తల మీదికెత్తి దిగితే లొంగినట్టే. చీకటి పడితే మామూలు ఆర్డరే, తుపాకీతో కనబడితే కాల్చడమే. కొడుకు వచ్చేదాకా తండ్రి క్యాంపు కదలకూడదు.

వైర్‌లెస్ ఆపరేటర్ తల అడ్డంగా ఊపాడు. "గుట్ట కింది మనవాళ్ళు పలకట్లేదు సార్. బ్యాటరీ పోయినట్టుంది."

"అయితే నువ్వెళ్ళు" అన్నాడు కెప్టెన్ నాతో.

"పటాకల బండి మీదనే పోతవా సారు?" అని అడిగాడు ముసలాయన.

"దాని మీదే."

"గదే సాలు" అన్నాడు. ముఖం తేటపడింది.

చిత్తూరు వాడైన మా ఫిట్టర్ హ్యాండిల్ పట్టుకుని ఆపి, ముసలాయనకు వినబడకుండా అన్నాడు. "అక్కడ అందరి వేళ్ళూ ట్రిగ్గర్ మీదుంటాయి. వాడు దిగేటప్పుడు నీ బండి పేలిందనుకో, వాణ్ణి జల్లెడ చేస్తారు. టైమింగ్ సరిచేసి పంపిస్తా." కాదనడానికి లేదు.

ప్లగ్గు విప్పి, గీత పెట్టిన సైకిల్ పుల్ల ఒకటి ఆ రంధ్రంలో దించాడు. పిస్టన్ ఎక్కడుందో ఆ పుల్ల చెబుతుంది. పిస్టన్ పూర్తిగా పైకి రావడానికి ఇంకా కాస్త దూరం ఉండగానే మాగ్నెటోలో రెండు పాయింట్లు విడిపోవాలి, నిప్పురవ్వ పడాలి. ఆలస్యంగా పడితే పెట్రోలు మండుతూ సైలెన్సర్‌లోకి పోయి పేలుతుంది. బండిని గేర్లో పెట్టి, పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం దూర్చి కొస పట్టుకున్నాడు. అవి విడిపోగానే కాగితం జారొస్తుంది.

"తాతా, వెనక చక్రం తిప్పు. మెల్లగా."

ముసలాయన గొంగడి పక్కన పెట్టి కూర్చుని, లేగను నిమిరినట్టు చక్రం తిప్పాడు. పుల్ల పూర్తిగా పైకి లేచి దిగడం మొదలుపెట్టాక గానీ కాగితం వదల్లేదు. ఫిట్టర్ బూతు మాట ఒకటన్నాడు. మాగ్నెటో పళ్ళచక్రం వదులు చేసి, జరిపి, బిగించాడు. ముసలాయన మళ్ళీ తిప్పాడు. ఈసారి పుల్ల మీది గీత దగ్గరే కాగితం జారొచ్చింది.

"మంచిగయిందా?"

"అయింది తాతా."

"జల్ది పో బిడ్డా."

ఆ బండి అంత హాయిగా ఎన్నడూ నడవలేదు. ఒక్క పేలుడు లేదు. నాకు పాడాలనిపించింది. రోడ్డు మీద మిలిటరీ ట్రక్కులు వరసగా పోతున్నాయి, వాటి మోతలో నా మోత కలిసిపోయింది.

గుట్ట కింద హవల్దార్ ఉలిక్కిపడి లేచాడు. "నువ్వా! చప్పుడే లేదే!" ఆర్డర్ చెప్పాను. తుపాకులు కిందికి దించారు. బారెడు పొద్దుంది. అందరం సీతాఫలం పొదల వైపే చూస్తున్నాం. ఎవరూ దిగలేదు.

"కేకేస్తాను" అన్నాను.

"వద్దు. పైన వాడొక్కడే లేడు. లొంగిపోతున్నాడని తెలిస్తే వాళ్ళే చంపుతారు."

పొద్దుగూకింది. మసక చీకట్లో రాళ్ళ మధ్య తుపాకీతో ఒక మనిషి కదిలాడు. సెంట్రీ ఒక్కసారే కాల్చాడు.

పొద్దున్నే శవాన్ని ఎడ్లబండి మీద క్యాంపుకు తెచ్చాం. ముసలాయన కొడుకు ముఖం మీది దుమ్ము తుడిచాడు. ఏడవలేదు. నా వైపు తిరిగాడు.

"పటాకల బండి సప్పుడు ఇనంగనె దిగుమని చెప్పొచ్చిన సారు. గదే మా గుర్తు. నువ్వు పోలేదా?"

"పోయాను పెద్దాయనా."

"మరి సప్పుడేది?"

ఫిట్టర్ తల దించుకున్నాడు. అబద్ధం చెప్పబోయి మానుకున్నాను. "ఆ చప్పుడు మాన్పడానికే నిన్న చక్రం తిప్పించాం" అన్నాను.

సర్వీసు ముగిసింది. ఇంటికొచ్చి మోటార్ సైకిళ్ళ షెడ్డు పెట్టుకున్నాను. టైమింగ్ పెట్టేటప్పుడు వెనక చక్రం ఇంకెవరి చేతికీ ఇవ్వను. షెడ్డులో పనిచేసే కుర్రాడు అడిగాడు, ఎందుకని. పుల్ల చేతికిచ్చి గీత చూడమన్నాను. కాగితం జారిన ప్రతిసారీ ఆ ముసలాయనే కనబడతాడు. రెండు అరచేతులూ చూసుకుంటున్నాడు. గొలుసు నూనె మసి ఇంకా ఉంది. గొంగడికి తుడుస్తున్నాడు, చూస్తున్నాడు, మళ్ళీ తుడుస్తున్నాడు.