చేపల ఆట క్యాసెట్

అటక సర్దుతుంటే పసుపుపచ్చ టీవీ గేమ్ క్యాసెట్ ఒకటి దొరికింది. అలవాటుగా ఊదాను. మీరూ ఊదేవాళ్లేగా! దానికింకా మిరపకాయల ఘాటు పోలేదు. పోయినా బాగుండేది.

అది నాది కాదు, పక్కింటి సుధాకర్‌ది. ఎండబోసిన మిరపకాయల్లో తెల్లబడ్డ తాలుకాయలు ఏరాకే అమ్మ మమ్మల్ని టీవీ పెట్టుకోనిచ్చేది. మండే చేతులతోనే ఇద్దరం ఇందులోని, పిల్లి చేపల్ని పట్టే ఆట ఆడేవాళ్లం. ఆ ఆటంటే నాకు ప్రాణం.

ఓ రోజు గుంటూరు నుంచి మా పెదనాన్న కొడుకు శీనన్నయ్య వచ్చాడు. ఏ గేమ్ గొప్పదో తను చెప్పిందే మా వీధి పిల్లలకి వేదం. సుధాకర్ ఎప్పట్లాగే, "ఒరేయ్, చేపలది పెట్టరా" అన్నాడు.

అన్నయ్య పగలబడి నవ్వాడు. "చంటిపిల్లల ఆటరా అది! ఎవడ్రా ఆడేది?"

"వీడే అన్నయ్యా. నాకసలు నచ్చదు" అన్నాను.

సుధాకర్ నా వంక ఒక్కసారి చూసి, క్యాసెట్ కూడా అడక్కుండా కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

"ఏడుస్తున్నాడేంట్రా?" అన్నాడు అన్నయ్య.

"కాయలేరిన చెయ్యి కంట్లో పెట్టుకున్నాడు" అన్నాను.

అన్నయ్య వచ్చాడని ఆ రోజు అమ్మ మాచేత కాయలు ఏరించనే లేదు.