తాడు పట్టినవాడి వాటా

గోవింద్ రాసినదాని కింద గోవింద్ పేరు లేదు.

రాసింది చిన్న సంగతి కాదు. కంప్యూటర్ నడుస్తుండగానే దాంట్లో కొత్త కార్డు గుచ్చితే, లోపలి కెర్నెల్, అంటే మెషీన్‌ని నడిపే మూల ప్రోగ్రాము, ఆ కార్డును గుర్తుపట్టేది గానీ, దానికి కేటాయించడానికి మెమరీ చిరునామాలు మిగిలేవి కావు. గోవింద్ వాళ్ళ ఊళ్ళో, వేటకి గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి తెప్పలు పెట్టుకోవడానికి ఒడ్డున ఇసుక ఖాళీగా ఉంచుతారు. అతను కెర్నెల్ చేత అదే చేయించాడు. మెషీన్ లేచేటప్పుడే, రాబోయే కార్డులకి చోటు వదిలించాడు. ఒక వానాకాలమంతా దాని మీదే కూర్చున్నాడు.

ఇలాంటి మార్పుని లోకంలోని కెర్నెల్ వాళ్ళందరూ చదివే మెయిలింగ్ లిస్టుకి పంపుతారు. కింద రాసినవాడి పేరుండాలి. గోవింద్ పేరు పెట్టకుండానే విశాఖ ఆఫీసులో తన పైవాడైన తిరుమలరావు చేతికిచ్చి, "మీరు లాగీండి సార్" అన్నాడు. ఒడ్డున అలివి వల లాగేటప్పుడు తాడు పట్టిన ప్రతివాడికీ వాటా పడుతుంది. దారినపోతూ చెయ్యేసినవాడికి కూడా. అడిగి తీసుకోవడం వాళ్ళలో లేదు. తిరుమలరావు తన ఒక్కడి పేరే పెట్టుకున్నాడు. తన రాతలా కనబడాలని కొన్ని వరుసలు అటూ ఇటూ జరిపాడు కూడా.

అది ముందు చూసింది దేవేంద్ర. పక్క కుర్చీవాడు, శ్రీకూర్మం వైపు వరి రైతుల పిల్లాడు.

"ఒరే, నీ పేరేదిరా?"

"సార్ మర్సిపోనాడేమో."

"మర్సిపోయినోడికి ఆడి పేరెలగ గుర్తున్నాదిరా? లిస్టుకి రాయి. నీ పాత కాపీలున్నాయి గదా."

"రాస్తాన్లే."

రాయలేదు. కొన్నాళ్ళు ఆఫీసుకొచ్చాడు, క్యారేజీ విప్పాడు, సగం తిని మూతపెట్టాడు. తర్వాత రావడం మానేశాడు. ఫోన్ చేస్తే, "ఊళ్ళో ఉన్నాను" అన్నాడు, అంతే. దేవేంద్రకి మాత్రం ఒళ్ళు మండుతూనే ఉంది. ఎలాగైనా ఆ పేరు దాని చోటికి రావాలి.

ఎండాకాలంలో కొత్త గొడవ మొదలైంది. కార్డు గుచ్చితే బాగానే ఉంది, పీకితే మెషీన్ బిగుసుకుపోతోంది. తిరుమలరావు దేవేంద్రని పిలిచి, బిచ్చం వేస్తున్నట్టు, "మీవాణ్ణి రమ్మను. ఈసారి పేరు వేద్దాం" అన్నాడు. దేవేంద్ర ఆ పూటే గోవింద్ ఊరికి బండి తీశాడు.

ఒడ్డున వల లాగుతున్నారు. గోవింద్ తాడు దగ్గర ఉన్నాడు. వాళ్ళమ్మ బుట్ట పక్కన కూర్చుని, "నువ్వైనా మాటాడించు బాబూ. ఈడికన్నా సేపలు నయం" అంది.



దేవేంద్ర చెప్పిందంతా గోవింద్ తాడు వదలకుండానే విన్నాడు.

"కార్డు పీకినప్పుడు, ఆ సిరునామాలు వాడుకుంటన్న పోగ్రాముల సేత ముందు వదిలించాల. ఆ తర్వాతే సోటు కాలీ సెయ్యాల. నాను అలగే రాసాను. సార్ వరసలు తిరగేసినాడు."

"నీకు తెలుసేటి?"

"ఆయన పంపిన రోజే సూసాను."

"మరి సెప్పలేదేటిరా?"

"అడగలేదు గదా."

"ఇప్పుడు అడుగుతన్నాడు. నువ్వే రాసి పంపు. నీ పేరుంటాది."

గోవింద్ మడమలు ఇసుకలో దిగేసి లాగాడు. తాడు ఒక మూర ముందుకొచ్చింది.

"నువ్వు రాసీ బావా. నీ పేరెట్టుకో. సార్ మీద కోపముంటే నానే రాద్దును. ఆ కోపం లోపల ఎతుక్కుంటన్నాను, తగల్లేదు. నిలబడిపోనావేటి, తాడట్టు. నీకూ వాటా పడతాది."