మా లారీకి తగిలిన కన్ను

అశోక్ చౌక్‌లో ఇన్సూరెన్సు ఏజెంటు ఆఫీసు. లారీ పాలసీ మళ్లీ కట్టడానికి వచ్చి, మా ఆయన పక్కన కూర్చుని ఉన్నాను. ఏజెంటు కంప్యూటర్లో మా లారీ వివరాలు చూస్తూ, తల ఎత్తకుండానే నవ్వుతూ మరాఠీలో అడిగాడు: "మొన్న కూడా డోళా లాగ్లా కా, భావు?"

మా ఆయన అతని వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

నేను షోలాపూర్‌లోనే పుట్టి పెరిగాను. ఇక్కడే డిగ్రీ చదివాను. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. డోళా అంటే కన్ను, లాగ్లా అంటే తగిలింది. రెండూ కలిపి అంటే మరాఠీలో కునుకు పట్టిందని అర్థం. అదే మాటను ఉన్నదున్నట్టు తెలుగులో పెడితే 'కన్ను తగిలింది' అవుతుంది. మా ఇళ్లలో కన్ను తగిలిందంటే దిష్టే. ఇంకో అర్థం ఉంటుందని ఎవరికీ తోచదు.

మా ఆయనది సొంత లారీ. కుంఠా నాకా కార్ఖానాల్లో నేసిన చద్దర్లు, తువ్వాళ్లు హైదరాబాదుకు చేరవేస్తాడు. ఈమధ్య మూడు సార్లు గుద్దాడు. ఒకసారి చెరకు ట్రాలీని వెనకనుంచి, ఇంకోసారి టోల్ నాకా గోడను. రెండు సార్లూ ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే ఒకటే మాట అన్నాడు, "కన్ను తగిలింది" అని. మా అత్తమ్మ బీడీల చాట పక్కన పెట్టి లేచేది. ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసేది. బంపరుకు నిమ్మకాయలు, వెనక పాత చెప్పు, అద్దానికి నల్లదారం కట్టించింది. గల్లీ పిల్లలు మా లారీని చూస్తే "కూరగాయల బండొచ్చె!" అని అరిచేవాళ్లు.

మూడోసారి నేనూ పిల్లలూ క్యాబిన్లోనే ఉన్నాం. సిరిసిల్ల వైపు చుట్టాల పెళ్లికి పోయి వస్తున్నాం. పాప నా ఒళ్లో, బాబు నా భుజం మీద. ఉన్నట్టుండి పెద్ద కుదుపు. లారీ డివైడరును రాసుకుంటూ పోయి ఆగింది. "కన్ను తగిలింది" అన్నాడు ఆయన, చెమట తుడుచుకుంటూ. నేను దిగి, పక్క ధాబాలో గుప్పెడు ఉప్పు అడిగి తెచ్చి, ముగ్గురికీ తిప్పి పారబోశాను. మళ్లీ ఎక్కాం. ఆయనే నడిపాడు. నేను నిశ్చింతగా నిద్రపోయాను.

ఏజెంటు కుర్చీ ముందు కూర్చుని ఉండగా ఆ నిద్ర గుర్తొచ్చింది. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.

ఏజెంటు మా పేటలోనే పెరిగినవాడు, మా తెలుగు మాట్లాడతాడు. నా ముఖం చూసి తడబడ్డాడు. "వహినీ, మీకు తెల్వదా? సర్వేకు వచ్చినోళ్లకు భావు నిజమే చెప్పిండు. కాని మూడు సార్లు ఒకటే కారణమంటే ఎవడు తీసుకుంటడు? ఎదుటోళ్లకు దెబ్బ తగిలితే కట్టే పాలసీ ఇస్తరు, అది కాయదా, చట్టం. మీ గాడి రిపేరు పాలసీకి మాత్రం పాత కంపెనీ నకో, వద్దు అన్నది. వేరేటోళ్లు రికార్డు చూసి నకో అన్నరు."

"ఏదన్న జుగాడ్ చెయ్ భావు" అన్నాడు మా ఆయన. "ఇయ్యాల మాలు ఎక్కించుకొని పోవాలె."

ఏజెంటు గొంతు తగ్గించాడు. "రికార్డు అడగని కొత్త కంపెనీల వేద్దాం. పాతవి చెప్పొద్దు. బయటపడి అడిగిన్రనుకో, కుక్క అడ్డమొచ్చింది అనాలె. డోళా మాటే ఎత్తొద్దు."

మా ఆయన తలూపాడు.

"నిద్రపోయినవా?" అన్నాను. "మూడు సార్లా?"

"నేనేమన్న అబద్ధం చెప్పిన్నానే? కన్ను తగిలిందనే చెప్పిన. మీరే దిష్టి అనుకున్నరు."

"మేం అనుకుంటే నువ్వు ఊకున్నవ్."

"అవ్వ మిరపకాయలు పట్టుకొని ఎదురొస్తుంటే ఏమనాలె? నీ మనుమండ్లను చంపబోయిన అనాలెనా?"

ఏజెంటు చాయ్ చెప్పి వస్తానని బయటికి పోయాడు.

"అసలు ఎప్పుడు పడుకుంటున్నవ్?" అని అడిగాను. "ఏడ పడుకోవాలె?" అన్నాడు. మా గోడకు ఆవల పవర్‌లూములు, చప్పుడు ఆగదు. ఆయన పగలు ఇంట్లో ఉంటే పిల్లలు వీపు మీదెక్కి ఆడతారు. నాన్న మళ్లీ ఎప్పుడొస్తాడో అని నేనే వాళ్లను ఆయన దగ్గరికి తోలుతుంటాను.

చాయ్‌తో వచ్చిన ఏజెంటును, నిజం చెప్పి పాలసీ తీసుకునే దారి లేదా అని అడిగాను. "ఉన్నది, కాని టైం పడతది. రెండో డ్రైవరును పెట్టాలె, క్యాబిన్ల కెమెరా పెట్టాలె. అప్పుడు పెద్ద ఆఫీసుల అడుగుత. గ్యారంటీ మాత్రం ఇయ్యలేను వహినీ."

"అట్లనే అడుగుండ్రి. కుక్క మాట వద్దు."

"మరి మాలు?" అన్నాడు మా ఆయన.

"వేరే లారీల పోనియ్."

ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత కార్ఖానా యజమానికి ఫోన్ చేశాడు. అవతల తిట్లు నాకు కూడా వినిపించాయి. ఫోన్ పెట్టేసి, లారీ తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "దాచిపెట్టుకో, లేకుంటే నీకు నిద్ర రాదు" అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్పాను. ఆమె చేతిలో సగం చుట్టిన బీడీ అలాగే ఉండిపోయింది. "కండ్లు మూసుకొని నడిపిండా?" అంది. నేను తలూపాను. ఆమె కొడుకు వైపు తిరిగి, "ఎన్ని గుమ్మడికాయలు పగలగొట్టిన్రా నీ కోసం, గాడిద కొడుకా!" అని అరిచింది. "నన్నంటున్నవా, నిన్ను నువ్వంటున్నవా అవ్వా?" అన్నాడు ఆయన. ఆమె నవ్వలేదు. మూలగదిలో బీడీ ఆకు మూటలు బయటికి లాగి, అక్కడ ఆయనకు పరుపు వేసింది. మగ్గాల గోడకు దూరంగా ఉండేది ఆ గది ఒక్కటే.

ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు. పలుమార్లు లేచి ఆ గది తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు, పక్కకైనా ఒత్తిగిలలేదు. ఇంత నిద్రను మోసుకుంటూ, మమ్మల్ని ఎక్కించుకుని, అంత దూరం నడిపాడా? ఆ చెరకు ట్రాలీ మీద ఎవరైనా కూర్చుని ఉంటే?

తెల్లారి పిల్లలిద్దరూ దారానికి గుచ్చిన నిమ్మకాయ, మిరపకాయలతో వాకిట్లో నిలబడ్డారు. నాన్న బండి తీసే రోజు అది కట్టేది వాళ్లే.

"నాన్న ఏడి? గాడి తియ్యడా?" అంది పాప.

ఇద్దరినీ దగ్గరికి తీసుకుని మెల్లగా చెప్పాను. "ఆ నిమ్మకాయ వంటింట్ల పెట్టుండ్రి, పప్పుల పిండుకుందాం. నాన్నకు కన్ను తగిలింది. తనంతట తను లేచేదాంక ఎవ్వరూ లేపొద్దు."