ఇంగ్లీషు పాటలో బూతులుండవనుకున్న

ముందే చెప్తున్న, నవ్వొద్దు. పోయిన నెల మా బడి వార్షికోత్సవం నాడు నా నౌకరీ పోవాల్సింది. పోలేదు! అది నా తెలివి గాదు. ఒక మైక్ సెట్ ఆయన పుణ్యం, ఒక ఆఫీసరు మేడమ్ పుణ్యం, ఒక తల్లి పుణ్యం. ఆ ముగ్గురికీ ఈడికెల్లే ఒక దండం పెట్టి మొదలువెడుత. చాయ్ చల్లారనియ్యకుండ్రి, ముచ్చట జర పొడుగు.

మాది పాల్వంచ దాటినంక భద్రాచలం తొవ్వల, అడవి మొదలైనకాడ హాస్టల్ బడి. నేను లెక్కల సారును. ఇంగ్లీషు సారు ట్రాన్స్‌ఫర్ అయి పోయినంక ఆ పీరియడ్లు గూడ నా మెడకే చుట్టిండ్రు. కాంట్రాక్టు నౌకరీ నాది, ఏడాదికోసారి పొడిగించాలె. ఈసారి కొత్తగ వచ్చిన ఆఫీసరు మేడమ్ వార్షికోత్సవానికి వచ్చి, బడంతా చూసి, ఎవరిని ఉంచాల్నో ఎవరిని పంపాల్నో రిపోర్టు రాస్తదని కబురొచ్చింది. ఇంట్ల చూస్తే మా ఆమెకు ఏడో నెల. ఇగ నా బీపీ సంగతి మీరే ఊహించుకోండ్రి.

పోయినేడు ఏమైందంటే, పిల్లలతోటి ఒక సినిమా పాటకు డ్యాన్స్ చేయించినం. బీటు మంచిగున్నదని పెట్టినం గని, రెండో చరణంల ఏమున్నదో మైకుల మోగేదాక మాకెవ్వరికీ సోయి లేదు. సర్పంచ్ వాళ్ల అమ్మ లేచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, సక్కగ ఇంటికి పోయింది. మా హెడ్మాస్టరుకు ఆ రోజు కుర్చీల కూసునే ధైర్యం గూడ లేకుండె. స్తంభం చాటుకు నిలవడ్డడు.

అసలు ఆ రోజు ఖాసీం భాయ్ ఉంటే గట్ల అయ్యేదే గాదు. ఖాసీం భాయ్ అంటే ఇల్లందుల మైక్ సెట్ నడిపే ఆయన. ఇరవై ఏండ్ల సంది చుట్టుపక్కల ఏ పెండ్లయినా ఆయన మైకే. ఆయన పనితనం ఏందంటే, ఏ పాటల ఏ లైను కాడ బూతు వస్తదో మొత్తం నోటికి తెలుసు. పెండ్లిల పెద్దమనుషులు కూసున్నరనుకోండ్రి, ఎడమ చెయ్యి వాల్యూం బిళ్ల మీదనే ఉంటది. ఆ లైను వచ్చిందా, సౌండు కిందికి గుంజుతడు, కుడిచేత్తో మైకు అందుకుంటడు: "పిల్లగాని తరఫోళ్లు జల్దీ భోజనాలకు రావాలె!" ఆ మాట అయిపోయేవరకు బూతు గూడ దాటిపోతది. పాట మళ్ల లేస్తది. తినేటోళ్లు తిననీకె పోతరు, ఎగిరేటోళ్లు ఎగురుతనే ఉంటరు. పోయినేడు ఆయన వేరే పెండ్లికి పోయి బామ్మర్దిని పంపిండు. బామ్మర్దికి వాల్యూం పెంచుడే వచ్చు.

అందుకే ఈసారి హెడ్మాస్టరు ముందే చేతులెత్తిండు. "సినిమా పాట పెడితే నేను మెడికల్ లీవు పెడత సారూ" అన్నడు.

అప్పుడు నాకొక ఐడియా వచ్చింది. రాకున్నా బాగుండు.

"సార్, ఇంగ్లీషు పాట పెడదాం" అన్న. "ఇంగ్లీషోళ్లు మర్యాదస్తులు. తుమ్మితే సారీ అంటరు, తొవ్వ ఇస్తే థాంక్యూ అంటరు. ఇంగ్లీషు పాటలో బూతులు ఎందుకుంటయి?"

హెడ్మాస్టరు కండ్లు మెరిసినయి. "మేడమ్ ఢిల్లీల చదువుకున్నదంట. ఇంగ్లీషు పాట వింటే ఖుషీ అయితది!"

ఆదివారం ఖమ్మం పోయి ఎంపీత్రీ సీడీ కొన్న. అట్ట మీద "ఇంగ్లీష్ సూపర్ హిట్స్" అని ఉన్నది. అండ్ల ఒక పాట బీటు వింటుంటేనే కాలు ఆడింది. పాటంటే పాట గాదు, గబగబ మాటలే. పాడేటాయన ఎవరి మీదనో కోపంగున్నట్టు పాడుతున్నడు. ఇంగ్లీషోళ్ల యాసే గంతేమో అనుకున్న. పది మాటలకు రెండు అర్థమైనయి నాకు. మిగతాయి వినవడ్డయి వినవడ్డట్టు తెలుగు అక్షరాలల్ల బోర్డు మీద రాసిన. ఒక్క మాట మాత్రం మస్తు సాఫ్‌గ వినవడ్డది, ఎందుకంటే అదే ఎక్కువసార్లు వస్తున్నది. ఆ మాట ఏందో నేను చెప్ప. మీకు తెలుసు. డాష్ అనుకోండ్రి.

మా పిల్లలందరు అడవిల గూడేల కెల్లి వచ్చినోళ్లు. ఇంట్ల కోయ మాట, బడిల తెలుగు, ఇప్పుడు ఇంగ్లీషు. కొత్తోళ్లు కనిపిస్తే నేల చూపులు. పాడుమంటే గొణుగుతరు. అందుకని రిహార్సల్‌ల ఒక పద్ధతి పెట్టిన. నేను చెయ్యి పైకెత్తిన్నంటే గొంతు పైకి లేవాలె. నెల రోజులు గిట్లనే ప్రాక్టీసు. నలభై మంది, ఒకటే గొంతు! విని నాకే రోమాలు లేచినయి.

ఎనిమిదో తరగతి జ్యోతి అని ఒక పిల్ల ఉన్నది, చురుకైన పిల్ల. "సార్, ఈ డాష్ అంటే ఏంది? మన బడి డిక్షనరీల వెతికిన, లేదు" అన్నది.

తెల్వదంటే సారు పరువేం గావాలె? లెక్కల మనిషిని గదా, లెక్క కట్టిన. గుడ్ ముందర వస్తున్నది, బ్యాడ్ ముందర వస్తున్నది, కారు ముందర వస్తున్నది, ఇల్లు ముందర వస్తున్నది. "చాలా అని అర్థం, బిడ్డా. మంచిగ గట్టిగ చెప్పాల్నంటే వాడాలె" అన్న. ఆ పిల్ల నోట్సుల రాసుకున్నది. అందరు రాసుకున్నరు. కింద నేను టిక్కు గూడ పెట్టిన!

వార్షికోత్సవం పగటి పూటనే. చీకటి కాకముందే మేడమ్ అడవి తొవ్వ దాటాలె గదా. ఖాసీం భాయ్ పొద్దున్నే వచ్చి బాక్సులు దించిండు. సీడీ చేతికిస్తే అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు.

"సార్, బూతులు యాడున్నయో జర ముందే చెప్పుండ్రి, చెయ్యి రెడీగ పెట్టుకుంట."

"ఇంగ్లీషు పాట భాయ్. ఇండ్ల ఉండవు."

సీడీ పెట్టి, సౌండు సన్నగ చేసి, బాక్సుకు చెవు ఆనించి ఒకసారి విన్నడు. "నాకు ఇంగ్లీషు రాదు సార్. గని ఇరవై ఏండ్ల సంది వింటున్న. మనిషి పండ్లు కొరుక్కుంట పాడుతున్నడంటే అండ్ల ఏదో ఉంటది."

నేను నవ్విన. చదువుకున్నోని నవ్వు నవ్విన.

మేడమ్ వచ్చింది. గూడేల కెల్లి వచ్చిన తండ్రులు డోళ్లు కొట్టి తీసుకొచ్చిండ్రు. తల్లులందరు చెట్ల నీడకు కూసున్నరు. జ్యోతి వెల్కమ్ స్పీచ్. నేను రాసిచ్చిన స్పీచే. గని పిల్ల చురుకైనదని చెప్పిన గదా, మంచిగ గట్టిగ ఉండాలని తనే మెరుగులు దిద్దుకున్నది.

"గుడ్ ఆఫ్టర్‌నూన్ మేడమ్! వుయ్ ఆర్ డాష్ హ్యాపీ!"

కొబ్బరినీళ్లు తాగుతున్న మేడమ్ గ్లాసు ఆడనే ఆగింది.

"అవర్ స్కూల్ ఈజ్ డాష్ స్మాల్. అవర్ ఇంగ్లీష్ సార్ ఈజ్ ఎ డాష్ గుడ్ సార్!"

హెడ్మాస్టరు చప్పట్లే చప్పట్లు. మేడమ్ దిక్కు వంగి, "అంతా మా సారు నేర్పిందే మేడమ్" అని నన్ను చూపెట్టిండు. నేను అంగి గల్లా సర్దుకున్న.

మేడమ్ నన్ను దగ్గరికి పిలిచింది. మెల్లగ అడిగింది. "ఆ మాటకు అర్థం మీకు తెలుసా అండీ?"

"తెలుసు మేడమ్. చాలా అని."

మేడమ్ ఫైలు మొఖానికి అడ్డం పెట్టుకున్నది. రెండు నిమిషాలు భుజాలు కదిలినయి. ఏడుస్తుందో నవ్వుతుందో నాకు తెల్వలే. ఫైలు తీసి, చెవుల తెలుగుల అసలు అర్థం చెప్పింది. ఏం చెప్పమంటరు! దున్నపోతు చేన్ల వడ్డనాడు గూడ మా నాయిన ఆ మాట అనలే.

"ప్రోగ్రాంలో ఇంకెక్కడైనా ఉందా ఈ మాట?" అన్నది మేడమ్.

"ఒక పాట ఉన్నది మేడమ్... ఇప్పుడే..."

అనేవరకే దబదబ బీటు మొదలైంది. పిల్లలు స్టేజీ ఎక్కిండ్రు. ముందు వరుసల పేపరోళ్లు గూడ కూసున్నరు. నేను చెప్పులు వదిలేసి ఖాసీం భాయ్ కాడికి ఉరికిన.

"భాయ్! ఉన్నయి!"

"నేను చెప్పలే? యాడున్నయి?"

"లైను లైనుకు!"

ఆయన ఒక్క మాట తిట్టలే నన్ను. చెయ్యి బిళ్ల మీద పెట్టిండు. "సార్, స్టేజీ ముందర నిలవడుండ్రి. మాట వచ్చే ముందు చెయ్యి లేపుండ్రి, నేను గుంజుత" అన్నడు.

నేను పోయి నిలవడ్డ. మాట వస్తున్నది. చెయ్యి లేపిన. ఖాసీం భాయ్ సౌండు గుంజిండు, ఒక్క సెకను గూడ ఆలస్యం లేదు. పాట బంద్! అడవంతా నిశ్శబ్దం!

ఆ నిశ్శబ్దంల నలభై మంది పిల్లలు, సారు చెయ్యి లేపిండు గదా అని, నెల రోజులు నేర్పినట్టే, గొంతు పైకెత్తి ఆ ఒక్క మాట, సాఫ్‌గ, "డాష్!"

మళ్ల వచ్చింది. భయంతోటి నేను రెండు చేతులు లేపిన. రెండింతలు గట్టిగ అన్నరు. వద్దు వద్దని చేతులు ఊపిన. శెభాష్ అంటున్నరనుకున్నరో ఏందో, నవ్వుకుంట ఇంకా గట్టిగ! తల్లులు మురిసిపోయి చప్పట్లు. పేపరాయన పక్కాయనను అడుగుతున్నడు, "ఏమంటున్నరు?" అని. నా నౌకరీ, మా ఆమె ఏడో నెల, అన్నీ కండ్ల ముందట తిరిగినయి. చేతులు దించుదామంటే గూడ రావట్లే.

ఖాసీం భాయ్‌కు అర్థమైంది. సీడీ ప్లేయరు తీగనే పీకేసిండు. మైకు అందుకున్నడు. "ఇప్పుడు మన తల్లుల పాట! డోళ్లు కొట్టే అన్నలు జల్దీ స్టేజీ కాడికి రావాలె! పిల్లలు, ఎవరి అమ్మ చెయ్యి వాళ్లు పట్టుకోవాలె!"

పెండ్లిళ్ల మైకుల అలవాటైన గొంతు అది. ఆ గొంతు చెప్తే ఎవరైనా లేస్తరు. డోలు పడ్డది. జ్యోతి వాళ్ల అమ్మ ముందుగాల లేచి పాట ఎత్తుకున్నది. తల్లులు వరుస కట్టిండ్రు, పిల్లలు స్టేజీ దిగి వాళ్లల్ల కలిసిండ్రు. ఇంగ్లీషు మర్చిపోయి సొంత పాట అందుకున్నరు. నెల రోజులు నేను పీరియడ్ల మీద పీరియడ్లు పెట్టినా రాని ఊపు, ఆడ నేర్పకుండనే వచ్చింది. మేడమ్ గూడ చెప్పులు విప్పి వరుసల కలిసింది. నేను ఖాసీం భాయ్ పక్కన కూలవడ్డ. ఆయన నాకు గ్లాసుల నీళ్లు పోసిచ్చిండు. ఆ నీళ్ల రుచి ఇప్పటికీ నోట్లనే ఉన్నది.

పాట అయినంక మేడమ్ రొప్పుకుంట అడిగింది, "ఎంత బాగుంది! ఏం పాట ఇది?"

హెడ్మాస్టరు చేతులు కట్టుకొని, "మేడమ్, ఇది తరతరాల పాట. చాలా పవిత్రమైనది" అన్నడు.

జ్యోతి వాళ్ల అమ్మ కిసుక్కున నవ్వింది. "పవిత్రం ఏడిది సార్! పెండ్లిల పిల్లగాని తరఫోళ్లను తిట్టే పాట ఇది. పిల్లగాని మేనమామకు ఏమేం లేవో చెప్తున్నం."

"ఏమేం లేవు?" అన్నది మేడమ్.

ఆమె మేడమ్ చెవుల చెప్పింది. మేడమ్ కడుపు పట్టుకొని ఆడనే మెట్ల మీద కూసున్నది.

పోయేముందర నన్ను జీపు కాడికి పిలిచింది. నేను రాజీనామాకు మాటలు వెతుక్కుంటున్న. ఆమె అన్నది: "మాస్టారూ, ఇప్పటికి చాలా బడులు చూశాను. పిల్లలు నన్ను చూస్తే తలుపు చాటుకు పోతారు. ఇక్కడ ఆ పాప నా కళ్ళలోకి చూసి మాట్లాడింది. ఆ ఒక్క మాట తీసేస్తే మిగతా ఇంగ్లీషులో తప్పు లేదు. రిపోర్టు రాసి పంపిస్తాను." జీపు పోయింది. ఏం రాస్తదో చెప్పలే. నేను ఆ దుమ్ముకే దండం పెట్టిన.

సోమవారం క్లాసుల, "ఆ మాట పాతవడ్డది, ఇంగ్లీషోళ్లే వాడుడు బంద్ చేసిండ్రు, మనం గూడ బంద్" అని చెప్పిన. చెడ్డ మాట అంటే ఇంకా ఎక్కువ గుర్తుంటది గదా.

జ్యోతి చెయ్యి లేపింది. "మరి శనివారమే మేడమ్‌కు థాంక్స్ లెటర్ పోస్టుల వేసినం సార్. అందరం కలిసి రాసినం. కింద మీరే సంతకం పెట్టిండ్రు."

అవ్, పెట్టిన! ఆ రోజు మా ఆమెను దవాఖానకు తీసుకపోయే తొందరల, బస్సు హారన్ కొడుతుంటే, చదవకుండనే పెట్టిన. వారం రోజులు నాకు అన్నం సహించలే.

నిన్న కవరు వచ్చింది. గుమ్మంల నిలవడే చింపిన. మొదటి కాగితం, నన్ను ఇంకో ఏడాదికి ఉంచుతున్నట్టు ఆర్డరు! మా ఆమె చేతుల పెట్టిన, ఇద్దరం ఏడ్చినం, అబద్ధమెందుకు. రెండో కాగితం పిల్లల లెటరే. ఆ మాట ఉన్నకాడల్లా ఎర్ర సిరాతోటి కొట్టేసి, పైన "వెరీ" అని రాసింది మేడమ్. అడుగున రెండు లైన్లు. "పిల్లలకు నా ఆశీస్సులు. చదవకుండా సంతకం పెట్టిన సారు మాత్రం 'వెరీ' అని వంద సార్లు రాసి నాకు పంపాలి. రాత గుండ్రంగా ఉండాలి."

అరవై రెండయినయి. మిగతాయి నేను రాస్త అన్నది మా ఆమె, గని రాత మారితే మేడమ్ పట్టేస్తదని భయం. లేస్త మరి, ఇంకా ముప్పై ఎనిమిది ఉన్నయి!