బ్యాటరీ మీద రాసిన కిలోమీటర్లు

ఈ పొద్దు మా పాత కారు బ్యాటరీ మళ్ళీ దిగిపోయింది. మూడు నెలల్లో ఇది మూడోసారి. పక్కింటివాళ్ళు తోస్తే స్టార్టు చేసుకుని, ఈసారి గట్టిగా పోట్లాడదామనే మెకానిక్ మునెప్ప షెడ్డుకు పోయినాను.

మునెప్పకు ఒక అలవాటుంది. చార్జింగ్ పెట్టిన ప్రతిసారీ కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో మీటర్లో చూసి, బ్యాటరీ మీద తెల్ల పెయింటుతో రాస్తాడు. వైర్లూ డైనమో అన్నీ చూసి, చివరికి ఆ అంకె దగ్గర ఆగినాడు.

"పోయిన నెల నుంచి ఆరు కిలోమీటర్లే తిరిగుండాది సార్. ఈడనుంచి మీ ఇంటికి మూడు, మళ్ళా ఈడికి మూడు. ఇంగ యాడికీ పోలేదా?"

"బ్యాటరీకి ఏమైందో చెప్పప్పా," అన్నాను.

"దానికేం కాలేదు సార్. ఊరికే నిలబెట్టేస్తే దిగిపోతాది. దినామూ యాడికన్నా పోయి రాండి."

పోట్లాట సంగతే మరిచిపోయినాను. తిరిగొచ్చి, గేటు ముందర ఇంజను ఆపకుండా శానాసేపు కూర్చున్నాను. ఎవరింటికి పోవాలో తోచలేదు.

మదనపల్లెలో ఎవరికన్నా చౌడేపల్లెకో సోమలకో పోయే పనుంటే చెప్పండి, నేను తీసుకుపోతాను. పెట్రోలు నాదే. బ్యాటరీ కోసమే లెండి.