హలీనా గారి ‘నో’

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ ఆదివారం హలీనా గారి కుటుంబంతో జూకి వెళ్లాల్సి ఉండగా, ముందురోజే నేను ఒక్కదాన్నే టికెట్ కొనుక్కుని అక్కడికి వెళ్లాను. ఎలుగుబంటి ముందు నిలబడి దాని పోలిష్ పేరు దానికే పైకి వినిపించాను. మనుషుల ముందు తిరగని నోరు జంతువుల ముందైనా తిరుగుతుందేమోనని. అది నావైపు చూడను కూడా చూడలేదు. నాకు కావలసింది అలాంటి శ్రోతే.

2023 వేసవి. వాషింగ్టన్ రాష్ట్రంలో, బాతెల్ దగ్గర ఒక రిహాబ్ సెంటర్‌లో స్పీచ్ థెరపిస్ట్‌గా నాకది మొదటి సంవత్సరం. హైదరాబాద్‌లో మా చుట్టాలకి నా ఉద్యోగం ఇప్పటికీ అంతుపట్టదు. పెళ్లిళ్లలో నోరు విప్పని పిల్ల ఇంకొకళ్లకి మాటలు నేర్పడమేమిటని మా పిన్ని నవ్వుతుంది. నిజమే, నేను తక్కువ మాట్లాడతాను. అందుకే ఎదుటివాళ్లు మాట కోసం తడుముకుంటుంటే తొందరపెట్టకుండా కూర్చోగలను. ఈ పనిలో అది చిన్న అర్హత కాదు.

హలీనా గారు ఎనభై దాటిన పోలిష్ ఆవిడ. స్ట్రోక్ తర్వాత అఫేజియా వచ్చింది. అంటే ఆలోచన చెక్కుచెదరదు, మాట మాత్రం దారి తప్పుతుంది. మనం ఇంగ్లిష్‌లో అడిగితే చాలావరకు అర్థమయ్యేది, జవాబు మాత్రం పోలిష్ ముక్కల్లోనే వచ్చేది. మా దగ్గర ఎవరికీ ఆ భాష రాదు. ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ని పెడితే, మనిషి కనబడని గొంతు విని ఆవిడ మూగనోము పట్టేది. కూతురు ఎప్పుడో పోయింది. మిగిలింది మనవరాలు మెగన్, మెగన్ కూతురు నాలుగేళ్ల క్లోయీ. ఇద్దరికీ పోలిష్ రాదు.

మొదటిరోజు నేను గదిలోకి వెళ్లగానే ఆవిడ “పాని, పాని” అని పిలిచింది. పానీపూరీ తిని పెరిగినదాన్ని, ఇంకేం అనుకుంటాను? గ్లాసుతో నీళ్లిచ్చాను. తాగి మళ్లీ “పాని” అంది. ఇంకో గ్లాసు తెచ్చాను. మూడోది తెచ్చేసరికి ఆవిడకి నవ్వు ఆగలేదు. నావైపు వేలు చూపించి “పాని” అంది, తనవైపు చూపించుకుని “పాని హలీనా” అంది. తర్వాత వెతికితే తెలిసింది, అది మన ‘గారు’ లాంటి మాట. వయసులో మనవరాలంత ఉన్న నన్ను ఆవిడ మర్యాదగా పిలుస్తుంటే నేను నీళ్లు తాగించాను. ఆ రాత్రే డైరీలో రాసుకున్నాను, రోజువారీ పోలిష్ నేర్చుకోవాలని.

అసలు చిక్కు కేర్ కాన్ఫరెన్స్‌లో బయటపడింది. పేషెంట్ ఇక్కడినుంచి ఎక్కడికి వెళ్లాలో కుటుంబం, స్టాఫ్ కలిసి తేల్చే మీటింగ్ అది. మెగన్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. అమ్మమ్మని ఇంటికి తీసుకెళ్లాలని గది కూడా సిద్ధం చేసిందట.

“జూకి వెళ్దామా అంటే నో. మా ఇంట్లో ఉంటావా అంటే నో. ఇష్టం లేని మనిషిని ఎలా లాక్కెళ్లను?”

మా సూపర్‌వైజర్ డెనీస్ చార్ట్ తిరగేసింది. యెస్-నో రిలయబిలిటీ అని ఒక పరీక్ష ఉంటుంది. పేషెంట్ అవునన్నా కాదన్నా ఆ మాటని ఎంత నమ్మవచ్చో చూస్తాం. హలీనా గారిని అడిగిన ప్రశ్నలన్నిటి పక్కనా జవాబు ‘నో’ అనే ఉంది. నర్సింగ్ హోమ్‌లో ఒక బెడ్ చూసిపెట్టారు. సోమవారంలోగా చెప్పాలన్నారు.

ఆ సాయంత్రం తూర్పు యూరప్ సరుకులమ్మే కొట్టుకి వెళ్లాను. అక్కడికి వెళ్లేది కొనడానికి తక్కువ, వినడానికి ఎక్కువ. కౌంటర్‌లో ఉన్నావిడ ఫోన్ చెవికి పెట్టుకుని, బిస్కట్లు సర్దుతూ, “నో… నో… నో, నో” అంటోంది. ముఖంలో మాత్రం కోపం లేదు, నవ్వుతోంది. ‘పాని’ దగ్గర ఒకసారి బోల్తా పడ్డాను కాబట్టి ఈసారి చెవులు రిక్కించాను. నాకు సిగ్గెక్కువైనా, ఆవిడ ఫోన్ పెట్టేదాకా ఆగి, అన్నిసార్లు దేనికి కాదన్నారని అడిగేశాను.

“కాదనడమా? మా అక్క మాట ఆపదు. వింటున్నానని చెప్పాలిగా,” అంది. పోలిష్‌లో ‘నో’ అంటే అవుననడమేనట, కాదనడానికి మాట ‘న్యె’ అట.

అంటే హలీనా గారు ఇన్నాళ్లూ మనకి ఊఁ కొడుతోంది.

మర్నాడు డెనీస్‌ని పక్కన కూర్చోబెట్టుకుని జిరాఫీ బొమ్మ చూపించాను. ఇది జిరాఫీనా అని పోలిష్‌లో అడిగితే “నో” అంది. కోతిని చూపించి అదే ప్రశ్న వేస్తే, నాకు మతి పోయిందేమో అన్నట్టు చూసి “న్యె” అంది. డెనీస్ బొమ్మలు తీసుకుని మొదటినుంచి తనే అడిగింది. రెండు మాటలు స్పష్టంగా వేరు. స్ట్రోక్‌తో తడబడిన ఒకే మాట అనుకుని అందరం రెండిటినీ ఒకేలా రాసేశాం.

మెగన్‌కి మాత్రం పూర్తిగా నమ్మకం కుదరలేదు. మనం వినాలనుకుంటున్నదే వింటున్నామేమో అంది. తనే స్వయంగా అడగాలి కదా. అందుకే జూ ప్రయాణాన్ని థెరపీలో భాగం చేశాం. దీన్ని కమ్యూనిటీ ఔటింగ్ అంటారు. చలిగా ఉందా, ఐస్‌క్రీమ్ కావాలా, ఇంటికి వెళ్దామా అని పోలిష్‌లో అడగడం మెగన్‌కి నేర్పాను.

ఎలుగుబంటి దగ్గర నేను సాధన చేసిన మాట ధైర్యంగా అన్నాను. “న్యెజ్వ్యెచ్.” వీల్‌చైర్‌లోంచి వెంటనే “న్యె” అని వచ్చింది. ఆవిడ పెదవులు సాగదీసి సరిగ్గా పలికి చూపించింది. క్లోయీ నాకన్నా బాగా పలికింది. ఐస్‌క్రీమ్‌కి “నో” అని, మొత్తం తినేసింది.

గేటు దగ్గర మెగన్ వీల్‌చైర్ ముందు మోకాళ్లమీద కూర్చుంది. ఇంటికి వెళ్దామా అని పోలిష్‌లో అడిగి, గుండెమీద చెయ్యి పెట్టుకుని, “దో నాస్?” అంది. మా ఇంటికి అని.

“నో.”

మెగన్ నావైపు చూసింది. నేను తల కూడా ఊపలేదు. పేషెంట్ జవాబు పేషెంటే చెప్పాలి. హలీనా గారు కొంచెం విసుగ్గా మనవరాలి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

“నో, నో, నో.”

ఈసారి మెగన్ నన్ను చూడలేదు. అమ్మమ్మ ఒళ్లో తల పెట్టేసుకుంది.

అప్పటినుంచి నేను చార్ట్‌లో ముందు విన్న శబ్దం రాస్తాను, దాని కిందే అర్థం రాస్తాను. రెండూ ఒకటే అనుకోను. ఒక మనిషి ఎక్కడ బతకాలనేది ఆ రెండు వరసల మధ్య ఉండొచ్చు.

డిశ్చార్జ్ రోజు కారెక్కేముందు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నా పోలిష్ బాగుందా అని ఆవిడ భాషలోనే అడిగాను. చాలాసేపు ఆలోచించింది. నేనూ తొందరపెట్టలేదు. చివరికి ఏ మాటకామాట విడదీసి, స్పష్టంగా చెప్పింది.

“న్యె, పాని హరితా.”